పహిల్వాను నాడి

కిషన్‌బాగ్‌లో బర్రెల కొట్టాలు పెట్టుకుని బతికేవాళ్లలో బీరయ్యంత నోటి దురుసు మనిషి ఇంకొకడు లేడు. పాలు పలుచగా ఉన్నాయని ఎవరైనా అంటే, "మా బర్రె మీ ఇంటి చాయి తాగొచ్చిందేమో" అని గడపలోనే మొహం మీద అనేసి వచ్చేవాడు. అన్నదమ్ములతో మాటల్లేవు. కులపోళ్ల పెళ్లికి పోతే అన్నంలో రాళ్లు ఏరి, విస్తరి పక్కన కుప్ప పోసి, అందరికీ కనపడేలా లేచి వచ్చేవాడు. లోకమంతా కూడబలుక్కుని తన కాలే తొక్కినట్టు ఉండేది ఆయన మొహం. ఆ మొహం విచ్చుకోవాలంటే ఒక్కటే ఉపాయం. కొడుకు నర్సింహ సంగతి ఎత్తాలి.

ఒక్కడే కొడుకు. వాడికి ముందు పుట్టినవాళ్లూ వెనక పుట్టినవాళ్లూ మట్టిలో కలిసిపోయారు. వాడు పాలు తాగే పిల్లవాడిగా ఉన్నప్పుడు జ్వరం తగిలితే బేగంబజార్ నుంచి ఒక వైద్యుడిని తోలుకొచ్చారు. ఆయన చెయ్యి పట్టి చూశాడు, వదిలి మళ్లీ పట్టి చూశాడు. "ఇదేం నాడయ్యా, ఏనుగు నడిచినట్టు నడుస్తున్నది" అన్నాడు. మనిషికి ఇన్ని గుండె దెబ్బలని దేవుడు రాసి పంపుతాడట. గబగబా వాడేసుకున్నవాడు తొందరగా పోతాడట. నింపాదిగా వాడుకున్నవాడు మనవల పెళ్లిళ్లు కూడా చూసి పోతాడట. ఆ మాటను తల్లి పుష్పమ్మ కొంగున ముడేసుకుంది. బీరయ్య నెత్తిన పెట్టుకుని ఊరేగాడు.

నర్సింహకు మీసం మొలవకముందే పురానాపూల్ దగ్గరి తాలీంలో చేర్చాడు. అక్కడ కుస్తీ నేర్పేవాడు జమాల్ ఉస్తాద్. నలిగి ముద్దలైన చెవులు, తుమ్మ మొద్దులాంటి మెడ, చిన్నపిల్లల నవ్వు. ఆయన తాలీంలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున కసరత్తు, దండీలు, బైఠకులు అయిపోయాక పోరగాళ్లంతా ఎర్రమట్టి గుంత చుట్టూ వరసగా నిలబడాలి. ఉస్తాద్ ఒక్కొక్కరి మణికట్టు పట్టి చూసుకుంటూ పోతాడు. ఎవరి నాడి ముందు సద్దుమణిగితే వాడికే మొదటి లోటా పాలు. ఆ పాలు పోసేది బీరయ్య. ఆ మొదటి లోటా తాగేది కూడా ఎప్పుడూ బీరయ్య కొడుకే. తక్కినవాళ్ల నాడి దిగడానికి సేపు పట్టేది. నర్సింహది ఎక్కితే కదా దిగడానికి!

"బాపు పాలు బిడ్డ కడుపులకే పోతున్నయ్. మేం ఉత్త మట్టి బుక్కాల్నా ఉస్తాద్?" అని రామ్‌చందర్ ఎగతాళి చేసేవాడు. రామ్‌చందర్ బేగంబజార్‌లో మిరపకాయ బస్తాలు మోసే హమాలీ. నర్సింహకు జోడీ. రెండో లోటా ఎప్పుడూ అతనిదే.

"నీ దిల్ టాంగా గుర్రం రా. వీనిది సర్కారీ హాథీ. చూస్కో" అని ఉస్తాద్ తాలీం చూడవచ్చిన పెద్దమనుషుల చేత కూడా నర్సింహ చెయ్యి పట్టించేవాడు. వాళ్లు పట్టుకుని, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ కనుబొమలు ఎగరేసి, "వాహ్" అనేవాళ్లు. బీరయ్య గోడకు ఆనుకుని పాల క్యాను మీద చెయ్యి వేసి, ఎవరికీ కనపడకుండా నవ్వుకునేవాడు. ఆయన బతుకులో ఆ నవ్వు తప్ప ఇంకో నవ్వు లేదు.

యుద్ధం మొదలై, కిరసనాయిలు కరువై, బియ్యానికి వరసలు కట్టే రోజులు వచ్చాయి. ఆ యేడు దసరా తర్వాత పెద్ద కుస్తీ దంగల్ పెడుతున్నారని, గెలిచినవాడిని ఒక జాగీర్దారు తన దేవిడీ మహల్లో కొలువుకు పెట్టుకుంటాడని చెప్పుకున్నారు. అందరి కళ్లూ నర్సింహ మీదే.

అట్లాంటి ఒక పొద్దున గుంతలో నర్సింహ, రామ్‌చందర్ ఎదురెదురుగా వంగి నిలబడ్డారు. ఇంకా చేతులు కలవలేదు. నర్సింహ నిలబడ్డవాడు నిలబడ్డట్టే మట్టిలోకి కూలిపోయాడు. మొహం ఉతికిన గుడ్డలా తెల్లబడింది. చుట్టూ ఉన్నవాళ్లు ముందు నవ్వారు. రామ్‌చందర్ చూపుకే పడ్డాడని ఒకడన్నాడు. రామ్‌చందర్ మాత్రం నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని చెంపలు తట్టాడు. కాసేపటికి నర్సింహ మొహంలోకి ఎర్రగా నెత్తురు పొంగింది. కళ్లు తెరిచి, "ఏందిరా, అందరు నా మీద వంగిండ్రు? పైసలు పోయినయా?" అన్నాడు.

పుష్పమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. మిరప ఘాటు రాలేదని, దిష్టి పెద్దదని తేల్చింది. బీరయ్య రాత్రి తినిపించిన బాదంపప్పును తిట్టాడు. నర్సింహ ఇంకోసారి కొట్టంలో పడ్డాడు. తర్వాత పురానాపూల్ మీద, పాల క్యాన్లతో సైకిల్ తొక్కుతూ పడ్డాడు. క్యాన్లు దొర్లి వంతెన పొడుగునా పాలు పారాయి. వెనక వస్తున్న ఎద్దులబండి వాడు పగ్గాలు గుంజి ఆపకపోతే అక్కడే అయిపోయేవాడు. బేగంబజార్‌లో పాలు పోయించుకునే ఒక సేటు, "పత్తర్‌గట్టిలో వైకుంఠం డాక్టర్ దగ్గర గుండె రాతను రాసే మిషన్ ఉన్నది. పోయి చూపించు" అన్నాడు.

డాక్టర్ వైకుంఠం దవాఖాన బట్టల దుకాణాల మీది మేడలో ఉండేది. కింద అత్తరు వాసన, పైన స్పిరిటు వాసన. బల్ల మీద ఒక చెక్కపెట్టె, దానికి తీగలు. ఆ తీగలు చూసి పుష్పమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కరెంటు పెడ్తరటగద సారూ, పోరనికి?"

"మేం పెట్టేది ఏం లేదమ్మా. గుండె కొట్టుకునే ముందు దాన్లనే చిటికెడంత కరెంటు పుడ్తది. ఈ పెట్టె దాన్ని పట్టి కాయిదం మీద గీస్తది. అంతే."

ఉప్పునీళ్లలో ముంచిన గుడ్డ పట్టీలను నర్సింహ రెండు మణికట్లకు, ఎడమ కాలికి చుట్టారు. కదలొద్దన్నారు, మాట్లాడొద్దన్నారు. అంత పెద్ద మనిషి ఆ బల్ల మీద ఇమడలేదు. మడమలు బయట వేలాడాయి. పెట్టెలో ఏదో సన్నగా గీ పెట్టింది. ఆ తర్వాత డాక్టర్ చీకటి గదిలోకి పోయి, ఫొటోను కడిగినట్టు ఆ కాయితాన్ని కడిగి, ఆరవేసి, చాలాసేపటికి బయటికి వచ్చాడు. నర్సింహను, తల్లిని కిందికి పంపి బీరయ్యను కూర్చోబెట్టాడు.

"వీని నాడి మొదటి నుంచి గిట్లనేనా?"

"పుట్టినప్పటి సంది. పహిల్వాను నాడి సారూ అది."

"బైఠకులు తీసినంక గూడ పెరుగదా?"

"అదే గద వాని తాకత్!" అన్నాడు బీరయ్య. ఎంత పాడు రోజైనా ఆ మాట దగ్గర గొంతు లేచింది.

డాక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది తాకత్ కాదు బీరయ్యా. పరుగెత్తినంక ఎవలి గుండెయినా ఉరుకాలె. ఉరుకకపోవుడే రోగం. జర సమజ్ చేస్కో. గుండెల నాలుగు అర్రలు, మీద రెండు, కింద రెండు. కొట్టుకొమ్మనే కబురు మీది అర్రల్ల పుడ్తది. నడుమ సన్నటి తొవ్వ ఒకటి ఉంటది. ఆ తొవ్వెంబడి కబురు దిగితే కింది అర్రలు బిగుసుకొని ఒళ్లంతకు నెత్తురు తోస్తయ్. నీ కొడుక్కు పుట్టుకతోనే ఆ తొవ్వ తెగి ఉన్నది. మీదియి కబురు పంపుతనే ఉన్నయ్. కిందికి చేరుత లేదు. కిందియి చూసి చూసి, తమంతల తాము మెల్లగ కొట్టుకుంటున్నయ్. నువ్వు చేత పట్టి మురిసేది ఆ కింది దెబ్బనే. ఒక్కోపారి అవి గూడ ఊకుంటయ్. గప్పుడే పోరడు పడ్తున్నడు."

"ఊకుంటే?"

"మళ్ల మొదలైతే లేస్తడు."

"కాకుంటే?"

డాక్టర్ తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచాడు. బీరయ్యకు అది చాలు. కానీ చాలిందని ఒప్పుకుంటే బీరయ్య ఎట్లా అవుతాడు? దర్జీ కొలత తప్పితే అంగీని తిడతామా, దర్జీని తిడతామా? ఆ డబ్బాయే తప్పు అన్నాడు. మెట్లు దిగుతూ అన్నాడు, టాంగా ఎక్కుతూ అన్నాడు, పురానాపూల్ దాకా అంటూనే ఉన్నాడు.

తాలీంలో ఉస్తాద్ అంతా విని పకపకా నవ్వాడు. "అరె భాయ్, మంచి పహిల్వాన్ నబ్జ్, నాడి, ఎప్పటికీ నిదానంగనే ఉంటది. మా ఉస్తాద్‌ది గట్లనే ఉండె. రామ్‌చందర్‌ది పట్టి చూడు, పొద్దుగాల నిద్ర లేసినప్పుడు నర్సిగాని కన్న రవ్వంత ఎక్కువ, గంతే. వానికి లేని బీమారీ వీనికి ఎట్లొచ్చె? ఒక పని చేద్దాం. రామ్‌చందర్‌ది గూడ రాయిద్దాం. రెండు కాయిదాలు ఒక్కతీరుగొస్తే ఆ డబ్బాను మూసీల పారెయ్యమందాం."

బీరయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు నుంచి మళ్లీ పత్తర్‌గట్టికి పోయేదాకా ఆయన కొన్నది ఆశ, అమ్మింది ఆశ. అవును మరి, రెండు నాడులూ నెమ్మదే. చేత్తో పట్టిచూస్తే రెంటికీ తేడా లేదు. చేతికి లేని తేడా చెక్కకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈసారి ముగ్గురూ పోయారు, బీరయ్య, ఉస్తాద్, రామ్‌చందర్. నర్సింహను ఇంట్లో ఉంచారు. ఉప్పునీళ్ల పట్టీలు చుడుతుంటే రామ్‌చందర్ మెలికలు తిరిగాడు.

"చక్కిలిగింతలైతున్నయ్ సారూ. ఇది నా గుండెల ఎవలున్నరో గూడ రాస్తదా?"

"రాస్తే మీ ఇంట్ల చూపియ్యాల్నా?" అన్నాడు డాక్టర్.

"వద్దు వద్దు. మా ఆమె నన్ను చంపి ఆ కాయిదమే కప్పుతది."

ఉస్తాద్ నవ్వాడు. బీరయ్య కూడా, ఎప్పటికో, పళ్లు కనపడేలా నవ్వాడు. డాక్టర్ చీకటి గదిలోకి పోయాక ముగ్గురూ కిటికీ దగ్గర కూర్చున్నారు. కింద గాజుల బేరాలు, రిక్షా గంటలు. బీరయ్య తన జీవితంలో ఏ దేవుడినీ ఏమీ అడగలేదు, అడిగితే ఇస్తాడన్న నమ్మకం లేక. అప్పుడు అడిగాడు. రెండూ ఒక్కతీరుగా రావాలని మాత్రమే అడిగాడు.

డాక్టర్ రెండు కాయితాలనూ కిటికీ వెలుతురులో, బల్ల మీద ఒకదాని కింద ఒకటి పరిచాడు.

"నాకు చదువు రాదు సారూ" అన్నాడు బీరయ్య.

"దీనికి చదువు అక్కర లేదు. చూడు. ఇది రామ్‌చందర్‌ది. ముందుగాల గీ చిన్న బొడిపె ఉన్నదా? అది మీది అర్రల కబురు. దాని ఎనుక గీ పొడుగు గీత, అది కింది అర్రల దెబ్బ. చిన్నది, పెద్దది. మళ్ల చిన్నది, పెద్దది. నడుమ ఎడం ఎప్పటికీ ఒక్కటే. నెమ్మదిగ ఉన్నది గాని వరస తప్పుత లేదు. ఇది కసరత్ చేసిన గుండె. నిజంగ మంచి గుండె." డాక్టర్ వేలు కింది కాయితం మీదికి జరిగింది. "ఇది నీ కొడుకుది. చిన్న బొడిపెలు చూడు, గబగబ వాటి తొవ్వన అవి పోతున్నయ్. పొడుగు గీతలు దూరం దూరంగ, వాటి తొవ్వన అవి పోతున్నయ్. ఇక్కడ బొడిపె గీతకు ముందున్నది. ఇక్కడ ఎనుక పడ్డది. ఇక్కడ దాని మీదనే ఎక్కి కూసున్నది. ఒకదాంతోని ఒకదానికి మాట లేదు."

బీరయ్య వంగి చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. ఆయనకు కనిపించింది గీతలు కాదు, కొట్టం. దూడను విడిస్తే అది పొదుగును కుమ్ముతుంది. అది కుమ్మినాకే బర్రె చేపుతుంది, పాలు దిగుతాయి. పై కాయితంలో ప్రతి దూడ వెంటా పాలు దిగుతున్నాయి. కింది కాయితంలో దూడ కుమ్ముతూనే ఉంది, కుమ్ముతూనే ఉంది, బర్రె రాయిలా నిలబడి ఉంది. ఎప్పుడో దానికి బుద్ధి పుట్టినప్పుడు రెండు చుక్కలు రాలుస్తుంది. అట్లాంటి బర్రె ఏదో ఒకరోజు ఒట్టిపోతుందని ఏ గొల్లవాడికైనా తెలుసు.

రామ్‌చందర్ తన కాయితం చూసుకోలేదు. తలుపు దగ్గరికి పోయి, తప్పు చేసినవాడిలా బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఉస్తాద్ నర్సింహ కాయితం అంచును వేలితో తాకి వెంటనే చెయ్యి తీసేశాడు.

"ఇన్నేండ్లు నేను రోగానికి పాలు తాపిన్నా?" అన్నాడు ఉస్తాద్. ఎవరినీ అడగలేదు.

"మందు?" అన్నాడు బీరయ్య.

"కింది అర్రలను జర తరిమే గోలీలు ఉన్నయ్. విలాయతి నుంచి రావాలె. లడాయిల ఓడలు వస్త లేవు. సికింద్రాబాద్ మొత్తం అడిగిన, లేవు. దొరికినా, అవి తప్పకుంట పని చేస్తయని నేను చెప్పను. తొవ్వ తెగిన కాడ అతుకేసే విద్య ఇంకా ఎవలికి రాదు."

"మరి ఈ డబ్బా ఎందుకు సారూ?"

డాక్టర్ రెండు కాయితాలనూ చుట్టి పక్కన పెట్టాడు. పాపం, మంచివాడే. రోగానికి పేరు చెప్పగలడు, దాని రూపాన్ని గీసి చూపగలడు, అది ఎట్లా చంపుతుందో కూడా విడమరిచి చెప్పగలడు. ఇంతా చెప్పాక ఫీజు వద్దన్నాడు. కుస్తీ మాన్పించమని, ఒంటరిగా వదలొద్దని, నీళ్ల దగ్గరికి, మెట్ల దగ్గరికి పోనివ్వొద్దని చెప్పి పంపాడు.

మర్నాడు పొద్దున తాలీంలో ఉస్తాద్ వరస పొడుగునా నడిచి, నర్సింహ చెయ్యి పట్టకుండానే దాటిపోయి మొదటి లోటా రామ్‌చందర్‌కిచ్చాడు. రామ్‌చందర్ తాగలేదు. లోటా పట్టుకుని నేల చూశాడు. నర్సింహ లంగోటీ మీదే గుంత ఒడ్డున నిలబడి, "ఎందుకు ఉస్తాద్? నేనేం చేసిన?" అన్నాడు. ఉస్తాద్ అటు తిరిగిపోయాడు. ఆ ముసలివాడికి మట్టిలో మనిషిని పడగొట్టడం వచ్చు కానీ ఇది రాదు. చెప్పాల్సింది బీరయ్య. పురానాపూల్ మీద, నడుస్తూ, కొడుకు మొహం చూడకుండా చెప్పాడు.

"నాకు తక్లీఫ్ ఏం లేదు బాపు. పడ్తున్న, లేస్తున్న. అందరు పడ్తరు."

"లేవని దినం ఉంటదంట రా."

"గా దినం ఎవలికి లేదు?"

"నోరు ముయ్. రేపటి సంది తాలీం బంద్. కొట్టంల కూసొని పాలు పిండు. గంతకన్న ఏం జెయ్యకు."

నర్సింహ నోరు మూశాడు. అదే తప్పైంది. అరిచి, తన్ని, ఇల్లు విడిచి పోయి ఉంటే బీరయ్యకు బాగుండేది. కొడుకు తండ్రి మాట విన్నాడు. పొద్దూ మాపూ బర్రెల నడుమ కూర్చున్నాడు. బావి దగ్గరికి పోతే పుష్పమ్మ వెంట పోయేది. మిద్దె ఎక్కబోతే బీరయ్య కేక వేసేవాడు. పడుకుంటే ఇద్దరిలో ఒకరు మంచం పక్కన కూర్చునేవాళ్లు. ధూల్‌పేట నుంచి పిల్లనిస్తామన్నవాళ్లు సంగతి తెలిసి మొహం చాటేశారు. దంగల్‌లో రామ్‌చందర్ గెలిచాడు. జాగీర్దారు దేవిడీలో చేరి, తలపాగా కట్టుకుని చూడవచ్చాడు. తెచ్చిన మిఠాయి పొట్లం చేతికివ్వలేక గూట్లో పెట్టి పోయాడు.

దంగల్ లొల్లి సద్దుమణిగేసరికి నర్సింహ భుజాలు జారిపోయాయి. పడిపోవడం మానలేదు, పడినప్పుడల్లా లేవడం మాత్రం ఆలస్యమవుతూ వచ్చింది. బీరయ్య సేటు కాళ్లు పట్టుకుని బొంబాయికి రాయించాడు. గోలీలు రాలేదు. ఒక ఫకీరు తాయెత్తు కట్టాడు. బీరయ్య వద్దనలేదు. ఏది వద్దంటే ఏమవుతుందోనన్న భయం పట్టుకుంది ఆ మనిషికి; ఆ నోటికి అదే మొదటి తాళం.

ఒకరోజు పెండ తీస్తూ నర్సింహ ఉన్నట్టుండి అన్నాడు.

"నన్ను బర్రెలెక్క కట్టేసినవ్ బాపు."

"కట్టేసిన బర్రె బతుకుతది రా."

"బతికి?"

బీరయ్య పార తీసుకుని అవతలి కొట్టంలోకి పోయాడు.

ఎండాకాలం పోయి మొదటి వానలు పడ్డాయి. ఒక సాయంత్రం పాలు పిండే వేళకు నర్సింహ ఎప్పటిలాగే పీట వేసుకుని, మోకాళ్ల నడుమ చెంబు పెట్టుకుని, నుదురు బర్రె డొక్కకు ఆనించి కూర్చున్నాడు. బీరయ్య నాలుగు అడుగుల అవతల కుడితి కలుపుతున్నాడు. పాలధార చప్పుడు చెంబులో చుర్రు చుర్రుమని వినపడుతూ ఉంది. ఆగింది. చన్ను మార్చుకుంటున్నాడేమో అనుకుని బీరయ్య తవుడు చేతిలోకి తీసుకున్నాడు. చప్పుడు మళ్లీ మొదలు కాలేదు.

తిరిగి చూస్తే నర్సింహ కూర్చున్నట్టే ఉన్నాడు, నుదురు బర్రెకు ఆని. బర్రె కదలకుండా నిలబడింది. కదిలితే వాడు పడిపోతాడని దానికి తెలిసినట్టే ఉంది. చెంబు మాత్రం ఒరిగి పాలు పెండలోకి పారుతున్నాయి. బీరయ్య పోయి భుజం మీద చెయ్యి వేశాడు. కొడుకు ఒళ్లోకి వాలాడు. తెల్లటి మొహం. బీరయ్య ఎదురుచూశాడు. ఎప్పటిలా ఎర్రగా నెత్తురు పొంగుతుందని, కళ్లు తెరిచి ఏదో ఒక ఎకసెక్కెం ఆడతాడని చూశాడు. పుష్పమ్మ వచ్చి అరిచేదాకా చూస్తూనే ఉన్నాడు.

వాడల్లో మాట పుట్టడానికి సేపు పట్టదు. తాలీంకు పోయినన్నాళ్లూ రాయిలా ఉన్నవాడు, తీగలు కట్టినాకే కరిగిపోయాడన్నారు. ఆ డబ్బా గుండెలోని కరెంటును గుంజుకుందన్నారు. డాక్టర్ తానే కదా చెప్పాడు, గుండెలోని కరెంటును పెట్టె పట్టుకుంటుందని! పట్టుకున్నది తిరిగి ఇచ్చాడా మరి? మట్టి చేసి వచ్చిన రోజే ఈ మాట బీరయ్య చెవిన పడింది. పాత బీరయ్యైతే అన్నవాడి గల్లా పట్టుకునేవాడు. ఈ బీరయ్య విని ఊరుకున్నాడు. కాయితం నిజమే చెప్పిందని ఆయనకు తెలుసు. కానీ ఆ నిజాన్ని తీసుకుని ఎవరి మొహాన కొట్టాలి? ఏం సాధించిందని కొట్టాలి?

ఒకరోజు పుష్పమ్మ ఏడుపు కూడా లేకుండా అడిగింది.

"ఏందయ్యా, తెలిసి ఏం జేసినం మనం? తెల్వకపోతె పోరడు ఆ యేడంత దోస్తులతోని నవ్వుకుంట తిరుగుతుండె గద. పోయేటోడు ఎట్లన్న పోతుండె. మట్టిల పహిల్వానోలె పోతుండె. మనం ముందుగాల వాని నవ్వును చంపినం. ఎనుక వాడు పోయిండు."

బీరయ్య చుట్ట ముట్టించబోయి, అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

కొన్నాళ్లకు వెనక వీధి ఎల్లమ్మ వచ్చింది. కట్టెల అడితిలో పని చేసుకునే విధవ. పెళ్లీడుకొచ్చిన కూతురు ఒక్కతే ఆమెకు లోకం. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి కొంగు నలుపుకుంది.

"అన్నా, మా పిల్లకు గుండె దడదడ ఉరుకుతున్నది. పిట్టను చేత పట్టుకుంటే కొట్టుకున్నట్టు. ఒక్కోపారి పొద్దుందాక తగ్గది. చెమటలు పట్టి పడిపోతున్నది. పత్తర్‌గట్టి డాక్టర్‌కు చూపియ్యమని అంటున్నరు. వాడ మొత్తం వద్దంటున్నది. నువ్వు చూసినోనివి. పోవాల్నా, వద్దా? నువ్వు ఎట్లంటె గట్ల."

బీరయ్య ఆమె వంక చూశాడు. డాక్టర్ ఒకనాడు, మెట్ల దాకా సాగనంపుతూ, తనను ఓదార్చడానికో ఎందుకో అన్న మాట ఆయనకు బాగానే గుర్తుంది. ఆగి ఆగి కొట్టుకునే గుండెకు తన దగ్గర ఏమీ లేదు గానీ, పరుగెత్తే గుండెకు మందు ఉందని, అది ఏ రకం పరుగో కాయితం మీద చూసి ఇస్తే చాలామంది కుదుటపడతారని, ఆ మందు తన బీరువాలోనే ఉందని అన్నాడు. ఆ రోజు ఆ మాట విని బీరయ్య ఒళ్లు మండిపోయింది. ఎవరికో ఉన్న మందు గురించి నాకెందుకని.

ఇప్పుడూ ఒళ్లు మండింది. అక్కడికి పోతే ఎల్లమ్మ కూతురు బతుకుతుంది. అదే డబ్బా, అవే ఉప్పునీళ్ల పట్టీలు, అదే బల్ల. దాని గుండెకు మందుంది. ఆ పిల్ల రేపు గాజులు గలగలలాడించుకుంటూ ఈ వీధిలోనే తిరుగుతుంది.

లోపల పుష్పమ్మ బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది. ఆమెకు కూడా ఆ మాట తెలుసు. ఆ రోజు ఇంటికి వచ్చి బీరయ్యే తిట్టుకుంటూ చెప్పాడు.

"పోకు ఎల్లమ్మా" అన్నాడు బీరయ్య. "తెలిసినంక నిద్ర ఉండది. తెల్వకుంటనే మంచిగుంటది."

ఎల్లమ్మ మొహం తేలికపడింది. ఆ తీగలంటే ఆమెకూ భయమే. ఎవరో ఒకరు వద్దంటే బాగుండునని వచ్చింది. "నువ్వు చెప్పినంక ఇగ ఫికర్ లేదన్నా. నీ కన్న ఎవలికి ఎర్క?" అని దండం పెట్టి వెళ్లింది.

ఆమె వీధి మలుపు దాకా చేరలేదు. పిలిస్తే వినపడే దూరమే. బీరయ్య నోరు తెరిచాడు. లోపల చేట చప్పుడు ఇంకా మొదలు కాలేదు. పుష్పమ్మ కూడా పిలవలేదు. ఎల్లమ్మ మలుపు తిరిగింది. అప్పుడు బీరయ్య లేచి తలుపు దగ్గరికి వేశాడు. లోపల పుష్పమ్మ మళ్లీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది.